పై కుర్చీలో పాత కోచ్: డెవానీ, ఆస్‌బర్న్‌ల కేసు

ప్రతి వేసవి క్యాంపు చివరి రోజున, పిల్లలు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాక, మా దగ్గర పనిచేసే కుర్ర కోచ్‌లను కూర్చోబెట్టి ఒక కేసు చెప్తాను. మేం ఆడించేది వాలీబాల్. నేను చెప్పే కేసు మాత్రం వాలీబాల్‌ది కాదు, మన దేశానిదీ కాదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, లింకన్ అనే ఊరు, అక్కడి యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు. హెడ్ కోచ్ పేరు బాబ్ డెవానీ. ఆయన దగ్గర జీతం లేకుండా చేరి, పదకొండేళ్ళకు ఆయన కుర్చీలోనే కూర్చున్న అసిస్టెంటు పేరు టామ్ ఆస్‌బర్న్.

డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా ఇరవై ఏళ్ళు దాటాయి నాకు. అసిస్టెంటు ఎలా ఉండాలో చెప్పేవాళ్ళు ఎక్కడ చూసినా ఉన్నారు. టైముకి రావాలి, నోట్సు రాసుకోవాలి, హెడ్ కోచ్ మాట జవదాటకూడదు అంటారు. అసిస్టెంటు ఎదగాలంటే పైవాడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకుండా ఉండాలో విడమర్చి చెప్పినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. ఈ కేసులో అది పూసగుచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఇన్నేళ్ళుగా దీన్నే పట్టుకున్నాను.

ముందు ఆట సంగతి

ఇది మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. రెండు కొసలూ మొన తేలిన బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. వైపుకి పదకొండు మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో కనీసం పది గజాలు ముందుకి జరిగితే మళ్ళీ నాలుగు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్ళది. ఒక్కో అవకాశం కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆట ఆగుతుంది, తర్వాత ఏం చెయ్యాలో బయటినుంచి కోచ్ చెప్తాడు. దాన్నే ప్లే చెప్పడం అంటారు. మ్యాచ్ మొత్తంలో అలాంటి నిర్ణయాలు పదుల సంఖ్యలో ఉంటాయి.

పైగా బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే పదకొండు మంది వేరు, అవతలివాణ్ణి ఆపేటప్పుడు దిగే పదకొండు మంది వేరు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు కాబట్టి హెడ్ కోచ్ కింద అసిస్టెంట్ల దండే ఉంటుంది. అందులో ఎవరికి ఎంత ఇవ్వాలన్నది హెడ్ కోచ్ చేతిలో పని.

నెబ్రాస్కాలో పెద్ద లీగులో ఆడే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు లేదు. శనివారం వచ్చిందంటే రాష్ట్రమంతా ఆ యూనివర్సిటీ జట్టు వైపే చూస్తుంది. 1962 నవంబరు నుంచి లింకన్ మెమోరియల్ స్టేడియంలో జరిగే ప్రతి మ్యాచ్‌కీ టికెట్లన్నీ అమ్ముడైపోతూ వస్తున్నాయి. ఆ ఒక్క సంగతి చెప్తే చాలు, అక్కడి కోచ్ మీద ఎంత బరువుంటుందో మా కుర్రాళ్ళకి అర్థమైపోతుంది.

ఇద్దరు మనుషులు

డెవానీ 1915లో మిషిగన్ రాష్ట్రంలో పుట్టాడు. ఏళ్ళ తరబడి హైస్కూలు జట్లకు కోచింగ్ ఇచ్చాడు. ఆ తర్వాత మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో తనూ అసిస్టెంటుగా పనిచేశాడు. అక్కణ్ణుంచి వ్యోమింగ్‌లో హెడ్ కోచ్‌గా ఐదేళ్ళు. 1962లో నెబ్రాస్కా వచ్చాడు. అంతకు ముందు ఏడాది ఆ జట్టు గెలిచింది మూడంటే మూడు మ్యాచ్‌లు. డెవానీ వచ్చిన మొదటి ఏడాదే తొమ్మిది గెలిచింది. నవ్వుతూ నవ్విస్తూ పదిమందిలో ఇట్టే కలిసిపోయే మనిషి.

ఆస్‌బర్న్ 1937లో అదే నెబ్రాస్కాలో, హేస్టింగ్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఆ ఊరి కాలేజీలోనే చదువుకుని, ఆడి, కొన్నాళ్ళు వాషింగ్టన్ ప్రొఫెషనల్ జట్టులో కూడా ఆడాడు. 1962లో పై చదువుకని లింకన్ వచ్చాడు. విషయం విద్యా మనస్తత్వశాస్త్రం. ఆట మీద మమకారం వదల్లేక డెవానీ దగ్గరికి వెళ్ళి ఏదైనా పని ఉంటే ఇమ్మన్నాడు. డెవానీ జీతం ఇస్తాననలేదు. ఆటగాళ్ళ మెస్సులో భోజనం పెడతానన్నాడు. హాస్టల్లో కాస్త అల్లరి చేసే ఆటగాళ్ళ మధ్య ఉండి వాళ్ళని కనిపెట్టుకోవడం కూడా అతని పనే.

అమెరికాలో ఎం.ఎస్. చేసిన మన పిల్లలకు జీఏ, అంటే గ్రాడ్యుయేట్ అసిస్టెంటు, అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చదువు ఒకపక్క, డిపార్ట్‌మెంట్ పని ఒకపక్క, పూట గడవడం ఇంకోపక్క. ఆస్‌బర్న్ మొదలైంది సరిగ్గా అక్కడే. చదువునీ వదల్లేదు. 1965లో పీహెచ్‌డీ పట్టా పుచ్చుకున్నాడు. మెస్సు భోజనానికి గ్రౌండులో పనిచేసిన మనిషికి డాక్టరేటు వచ్చిందన్న సంగతి మా కుర్ర కోచ్‌ల ముందు కాస్త గట్టిగానే చెప్తాను. ఆటలోకి వచ్చాం కదా, ఇంక చదువెందుకు అనుకునేవాళ్ళు మన దగ్గర ఎక్కువ.

ఇద్దరి స్వభావాలకీ ఎక్కడా పొంతన లేదు. డెవానీ గలగలా మాట్లాడే మనిషి. ఆస్‌బర్న్ నెమ్మది, ముక్తసరి. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హెడ్ కోచ్‌లం చాలామంది అసిస్టెంటులో మన నీడని వెతుక్కుంటాం. మనలా అరవాలి, మనలా నడవాలి, మన మాటే వాడి నోటా రావాలి. డెవానీ ఆ పని చెయ్యలేదు. తనకి లేనిది ఏదో ఈ కుర్రాడి దగ్గర ఉందని పసిగట్టి, ఆ ఉన్నదాన్నే వాడుకున్నాడు. ఆస్‌బర్న్ ఆఖరిదాకా ముక్తసరి మనిషిగానే ఉన్నాడు, అలా ఉంటూనే పైకొచ్చాడు.

1969లో చేతులు మారిన పని

1967లో నెబ్రాస్కా ఆరు గెలిచి నాలుగు ఓడింది. 1968లోనూ అంతే, ఆరూ నాలుగూ. సీజను చివర పేరున్న జట్లను పిలిచి ఆడించే బౌల్ మ్యాచ్‌లకు ఆ రెండేళ్ళూ పిలుపు రాలేదు. 1968 ఆఖరి మ్యాచ్‌లో చిరకాల ప్రత్యర్థి ఓక్లహోమా చేతిలో 47-0 తో ఓడిపోయారు. సున్నా. ఆరేళ్ళ కిందట ఆకాశానికెత్తిన జనమే ఇప్పుడు డెవానీ పని అయిపోయిందన్నారు.

ఇలాంటప్పుడు హెడ్ కోచ్ ఏం చేస్తాడు? నాకు తెలిసి పదిమందిలో తొమ్మిదిమంది పగ్గాలు ఇంకా బిగిస్తారు. అన్నీ తనే చూసుకుంటానంటాడు. అసిస్టెంట్లను కోన్లు పెట్టడానికి, బంతులు ఏరడానికి పరిమితం చేస్తాడు. తన కుర్చీ కదులుతున్నప్పుడు పక్కవాడి చేతికి పగ్గాలు ఇవ్వాలంటే గుండె కావాలి.

డెవానీ ఇచ్చాడు. 1969కి అఫెన్స్‌ని, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆట మొత్తాన్ని, ఆస్‌బర్న్‌కి అప్పజెప్పాడు. అప్పటికి ఆస్‌బర్న్‌కి ముప్ఫై రెండేళ్ళు. అతనికన్నా వయసులో, అనుభవంలో పెద్దవాళ్ళు అదే బృందంలో ఉన్నారు. ఆస్‌బర్న్ పాత పద్ధతిని మూలన పెట్టి ఐ ఫార్మేషన్ తెచ్చాడు. బంతి అందుకునే క్వార్టర్‌బ్యాక్, అతని వెనక ఒకరి తర్వాత ఒకరుగా మరో ఇద్దరు, ఇంగ్లీషు ఐ అక్షరంలా ఒక్క గీత మీద నిలబడతారు. వెనక నిలబడ్డవాడికి మైదానమంతా కనిపిస్తుంది, ఎటు సందు దొరికితే అటు దూసుకుపోవచ్చు. దానికి పాసులాట బాగా కలిపాడు.

తర్వాత జరిగింది తేదీల వారీగా చూడాలి. 1969 సీజను మొదటి నాలుగు మ్యాచ్‌లలో నెబ్రాస్కా రెండు గెలిచింది, రెండు ఓడింది. సదరన్ కాలిఫోర్నియా చేతిలో 31-21, మిజోరీ చేతిలో 17-7. మిజోరీ మీద చేసినవి ఏడంటే ఏడు పాయింట్లు. రెండేళ్ళ చెడ్డ పేరు, కొత్త పద్ధతి, కుర్ర కోచ్, నాలుగింట రెండు ఓటములు. పగ్గాలు వెనక్కి లాక్కోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

లాక్కోలేదు. ఆస్‌బర్న్ అఫెన్సే కొనసాగింది. ఆ ఏడాది మిగిలిన ఏడు మ్యాచ్‌లూ గెలిచారు. నిరుడు 47-0 తో కొట్టిన ఓక్లహోమాని 44-14 తో కొట్టారు, సన్ బౌల్‌లో జార్జియాని 45-6 తో. 1970లో పదకొండు గెలిచి ఒకటి డ్రా చేసుకున్నారు. 1971లో పదమూడుకి పదమూడూ గెలిచారు. ఏడు, పన్నెండు, పదమూడు కలిపితే ముప్ఫై రెండు మ్యాచ్‌లు ఓటమన్నది లేకుండా ఆడారు. రెండు జాతీయ టైటిళ్ళు వచ్చాయి. క్యాంపులో ఈ లెక్క బోర్డు మీద రాసి, మొదటి గెలుపు పక్కన ఎర్ర సుద్దతో గీత గీస్తాను. ఆ గీతకి ముందున్నది మిజోరీ ఓటమి. కేసంతా ఆ గీత దగ్గరే ఉందని నా నమ్మకం.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక అంతర్ కళాశాల పోటీలో మా అసిస్టెంటుకి జట్టు అప్పగించాను. రెండో సెట్టులో వరసగా పాయింట్లు పోయాయి. అతను టైమౌట్ తీసుకుని, సెట్టర్‌ని (కొట్టేవాళ్ళకి బంతి ఎత్తి అందించేవాణ్ణి) మార్చి, పిల్లలకు ఏదో చెప్తున్నాడు. నేను బెంచి చివర్నుంచి లేచి, "వాణ్ణెందుకు తీశావ్? మళ్ళీ దింపు" అన్నాను. పిల్లల తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. అతను చెప్తున్న మాట మధ్యలో ఆగిపోయింది. "సరే సార్" అని పాత సెట్టర్‌ని దింపాడు. ఆ సెట్టు గెలిచాం, మ్యాచ్ కూడా గెలిచాం. కాని ఆ రోజునుంచి ఆ సీజనంతా టైమౌట్ వస్తే పిల్లలు ముందు నా మొహం చూశాకే అతని మాట వినేవాళ్ళు. అతను కూడా నోరు తెరిచేముందు నా వైపే చూసేవాడు. నేను ఒక్క మాటతో తీసేసుకున్నదాన్ని తిరిగి అతని చేతిలో పెట్టడానికి రెండేళ్ళు పట్టింది. మిజోరీ మ్యాచ్ తర్వాతి వారం డెవానీ ఎలా గడిపాడోనని అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

బరువులెత్తే కుర్రాడు

అదే 1969లో ఇంకో చిన్న సంగతి జరిగింది. నాకు టైటిళ్ళకన్నా ఇదే ఎక్కువ ఇష్టం. గాయాలతో మంచమెక్కిన ఆటగాళ్ళు కొందరు తిరిగి వచ్చేటప్పటికి మునుపటికన్నా బలంగా ఉండటం ఆస్‌బర్న్ గమనించాడు. ఆరా తీస్తే యూనివర్సిటీ జిమ్ములో బాయిడ్ ఎప్లీ అనే కుర్రాడు వాళ్ళచేత బరువులెత్తిస్తున్నాడని తెలిసింది. ఎప్లీ అక్కడే పోల్‌వాల్టర్, నడుం దెబ్బతిని ఆటకి దూరమయ్యాడు. ఆస్‌బర్న్ అతన్ని పిలిపించి, జట్టు మొత్తానికి ఇదే చేయించగలవా అని అడిగి, డెవానీ దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆ రోజుల్లో బరువులెత్తితే కండ బిగుసుకుపోయి వేగం తగ్గుతుందని కోచ్‌లందరి నమ్మకం. మన పల్లెల్లో కబడ్డీ పెద్దలు ఇప్పటికీ ఆ మాటే అంటారు. డెవానీకీ ఆ అనుమానం ఉంది. అయినా ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద: ఒక్కడి వేగం తగ్గినా ఎప్లీ ఉద్యోగం ఊడుతుంది. ఎవరి వేగమూ తగ్గలేదు. అమెరికా కాలేజీ ఆటల్లో జీతం మీద పెట్టుకున్న స్ట్రెంత్ కోచ్‌లకు ఎప్లీయే ఆద్యుడని చెప్తారు. 1978లో ఆ వృత్తివాళ్ళందరికీ జాతీయ సంఘం పెట్టిందీ అతనే.

ఇందులో నాకు నచ్చింది ఆ ఒప్పుకున్న తీరు. డెవానీ తనకి నమ్మకం లేని పనికి కూడా తలుపు తెరిచాడు, అలాగని గుడ్డిగా తెరవలేదు. కొలిచి చూసుకోవడానికి వీలైన షరతు పెట్టాడు. "నీ ఇష్టం, చేసుకో" అని వదిలేస్తే రేపు తప్పు జరిగినప్పుడు "నేను ముందే అనుకున్నా" అనడానికి దారి ఉంచుకున్నట్టే. "ఇది తగ్గితే ఆపేద్దాం" అని ముందే గీత గీస్తే ఇద్దరూ ఒకే వైపు నిలబడతారు. నా అసిస్టెంట్లు ఏదైనా కొత్త డ్రిల్లు తెస్తే ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. ఏది ఎంత మారితే ఇది పనిచేసినట్టు? జంప్ కొలుద్దామా, సర్వీసు తప్పులు లెక్కపెడదామా? ఆ అంకె ఇద్దరం కలిసి రాసుకుంటాం.

నార్మన్‌లో ఆ సాయంత్రం

1971 నవంబరు 25. ఓక్లహోమా వాళ్ళ సొంత ఊరు నార్మన్. దేశంలో ఒకటో స్థానంలో నెబ్రాస్కా, రెండో స్థానంలో ఓక్లహోమా. ఆ మ్యాచ్‌ని అమెరికాలో ఇప్పటికీ శతాబ్దపు మ్యాచ్ అంటారు. డెవానీ కింద మైదానం గీత పక్కన ఉన్నాడు. ఆస్‌బర్న్ పైన ప్రెస్ బాక్సులో, విలేకరులు కూర్చునే గదిలో, ఫోను పట్టుకుని ఉన్నాడు. ప్లేలు పైనుంచి కిందికి వస్తున్నాయి.

మొదట్లోనే నెబ్రాస్కా ఆటగాడు జానీ రాజర్స్ అవతలివాళ్ళు తన్నిన బంతిని అందుకుని 72 గజాలు పరుగెత్తి స్కోరు చేశాడు. ఆ పరుగు గురించి చెప్పనివాళ్ళు లేరు. కోచ్‌గా నేను చూసేది మాత్రం ఆఖరి ఏడు నిమిషాల్ని. ఓక్లహోమా 31, నెబ్రాస్కా 28. బంతి నెబ్రాస్కా చేతికొచ్చింది. పోవాల్సిన దూరం 74 గజాలు. పన్నెండు ప్లేలలో పోయారు. మధ్యలో ఒకచోట మూడో అవకాశానికి ఇంకా ఎనిమిది గజాలు కావాలి. పోయిందంటే దాదాపు అంతా పోయినట్టే. క్వార్టర్‌బ్యాక్ జెరీ టాగీ విసిరిన బంతిని రాజర్స్ నేలకి ఒరిగిపోతూ పట్టాడు. పదకొండు గజాలు. చివరికి జెఫ్ కినీ రెండు గజాల దూరంనుంచి లోపలికి దూరాడు. గడియారంలో ఒక నిమిషం ముప్ఫై ఎనిమిది సెకన్లు మిగిలాయి. 35-31.

ఆ పన్నెండు ప్లేలలో ఒక్కటి బెడిసికొట్టినా తిట్లు పడేది ప్రెస్ బాక్సులో కూర్చున్న అసిస్టెంటుకి కాదు. పేపర్లో పేరు పడేది కింద నిలబడ్డ డెవానీది. అది తెలిసే ఆయన అక్కడ నిలబడ్డాడు. అప్పగించడం అంటే పని ఇచ్చి నింద తన దగ్గర ఉంచుకోవడమని నేను అనుకుంటాను. మన దగ్గర చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. గెలిస్తే ఫొటోలో హెడ్ కోచ్, ఓడితే ప్రిన్సిపాల్ గదిలో సంజాయిషీకి అసిస్టెంటు.

ఆ సీజను చివర ఆరెంజ్ బౌల్‌లో అలబామాని 38-6 తో కొట్టి రెండో టైటిల్ తీసుకున్నారు.

ఇచ్చిన మాట, పై కుర్చీ

రెండు టైటిళ్ళ తర్వాత డెవానీ దిగిపోదామనుకున్నాడు. మూడోది కూడా చూసి దిగుదామని ఇంకో ఏడాది ఉన్నాడు. తన తర్వాత ఆస్‌బర్నేనని ముందే తేల్చేసి, 1972లో అతన్ని అసిస్టెంట్ హెడ్ కోచ్‌ని చేశాడు. ఆ ఏడాది మొదటి మ్యాచ్‌లోనే యూసీఎల్‌ఏ చేతిలో 20-17 తో ఓడి ఆ ముప్ఫై రెండు మ్యాచ్‌ల వరస తెగింది. మూడో టైటిల్ రాలేదు. 1973 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో నోటర్ డామ్‌ని 40-6 తో ఓడించి డెవానీ కోచింగ్ ముగించాడు. నెబ్రాస్కాలో పదకొండేళ్ళు, 101 గెలుపులు, 20 ఓటములు, 2 డ్రాలు.

ఇక్కణ్ణుంచే కేసు అసలైన కష్టంలో పడుతుంది. డెవానీ కోచింగ్ వదిలాడు గాని ఊరు వదల్లేదు, యూనివర్సిటీ వదల్లేదు. యూనివర్సిటీ ఆటలన్నిటికీ, కోచ్‌లందరికీ పైవాడైన అథ్లెటిక్ డైరెక్టరు పదవిలో ఆయన కోచ్‌గా ఉన్నప్పట్నుంచే ఉన్నాడు. ఆ పదవిలోనే ఇంకో ఇరవై ఏళ్ళు, 1993 జనవరి దాకా ఉన్నాడు. అంటే ఆస్‌బర్న్ హెడ్ కోచ్‌గా చేసిన ఇరవై అయిదేళ్ళలో ఇరవై ఏళ్ళు పైన కూర్చున్నది పాత బాసే. రెండు టైటిళ్ళు తెచ్చిన మనిషి, జనానికి ప్రాణమైన మనిషి, ఇప్పుడు అధికారికంగా కూడా పైవాడు.

మా శాఖలో రిటైరైన ఫిజికల్ డైరెక్టర్లు మరుసటి రోజు సాయంత్రం గ్రౌండుకొచ్చి కుర్చీ వేసుకుని కూర్చోవడం నేను చూశాను. అది ప్రేమే, తప్పు పట్టలేం. కాని కొత్తగా వచ్చినవాడు విజిలు ఊదిన ప్రతిసారీ పిల్లలు ఆ కుర్చీ వైపు చూస్తారు.

ఆస్‌బర్న్ మొదటి మ్యాచ్ 1973 సెప్టెంబరులో, లింకన్‌లో. ఎదురుగా ఉన్నది నిరుడు వరస తెంపిన యూసీఎల్‌ఏ. 40-13 తో గెలిచాడు. ఆ ఏడాది తొమ్మిది గెలిచి, రెండు ఓడి, ఒకటి డ్రా చేసుకున్నాడు. ఆ రెండు ఓటముల్లో ఒకటి ఓక్లహోమా చేతిలో 27-0. తర్వాతి ఏడాదీ వాళ్ళ చేతిలోనే ఓటమి. ఆపై ఏడాదీ అంతే. 1973నుంచి 1977దాకా వరసగా ఐదేళ్ళు బ్యారీ స్విట్జర్ కోచింగ్‌లోని ఓక్లహోమాని ఒక్కసారి కూడా గెలవలేకపోయాడు. మిగతావాళ్ళలో చాలామందిని గెలిచి, ఆ ఒక్కరి చేతిలో ఏటా ఓడటం అక్కడి అభిమానులకు మింగుడుపడని సంగతి. డెవానీ ఉంటే ఇలా జరిగేదా అన్న మాట ఎంతమంది నోట వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఐదేళ్ళు. మా దగ్గర రెండేళ్ళు జోనల్స్‌లో ఓడితే కోచ్‌ని మార్చమని అర్జీలు మొదలవుతాయి. డెవానీకి మార్చే అధికారం ఉంది, మార్చమనే జనం ఉన్నారు. ఆయన ఆస్‌బర్న్‌నే ఉంచాడు, ప్లేలు చెప్పే పనిని అతనికే వదిలేశాడు. తన కాలంలో పనిచేసిన పాత అసిస్టెంట్లు కొందరు ఆస్‌బర్న్ కింద కూడా కొనసాగారు. వాళ్ళలో కొందరికన్నా చిన్నవాడు హెడ్ కోచ్ అయినా వాళ్ళు ఉండిపోవడం వెనక డెవానీ నిలబడ్డ తీరు కూడా ఉందని నా అభిప్రాయం.

1978లో 17-14 తో ఓక్లహోమాని మొదటిసారి గెలిచాడు. ఆ సీజను అయిపోయాక పక్క రాష్ట్రం కొలరాడో యూనివర్సిటీ పిలిస్తే వెళ్ళి చూసొచ్చాడు కూడా. ఆలోచించి ఉండిపోయాడు. గెలిచిన ఏడాదే వెళ్ళిపోదామా అని అనిపించిందంటే ఆ ఐదేళ్ళూ అతని మీద ఎంత బరువు పేరుకుందో అర్థమవుతుంది. బంధం బాగున్నంత మాత్రాన బరువు తగ్గదు, మోయడానికి తోడు ఉంటుందంతే.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే కాబట్టి గబగబా చెప్తాను. 1984 జనవరి 2న ఆరెంజ్ బౌల్‌లో మయామీ చేతిలో 31-30 తో ఓడాడు. ఆఖరి నిమిషంలో స్కోరు చేసి 31-30కి వచ్చాక, అదనంగా దొరికే ఒక్క పాయింటు తన్ని డ్రా చేసుకుంటే టైటిల్ దాదాపు ఖాయం. అతను రెండు పాయింట్ల గెలుపు కోసమే వెళ్ళాడు, బంతి చేతికి తగిలి పక్కకి పోయింది. టైటిల్ కోసం ఇంకో పదేళ్ళకు పైగా ఆగాల్సి వచ్చింది. 1994, 1995, 1997 సీజన్లకు మూడు టైటిళ్ళు వచ్చాయి. మొత్తం 255 గెలుపులు, 49 ఓటములు, 3 డ్రాలు. ఇరవై అయిదేళ్ళలో ఏ ఒక్క ఏడాదీ తొమ్మిదికి తక్కువ గెలవలేదు. డెవానీ మొదటి రెండు టైటిళ్ళనూ చూశాడు. 1997 మే నెలలో కన్నుమూశాడు. మూడోది చూడలేదు. ఆ మూడోది గెలిచి ఆస్‌బర్న్ కూడా కోచింగ్ మానేశాడు.

రెండోసారి అదే దారి, వెనక ఎవరూ లేకుండా

కేసు ఇక్కడితో ఆపితే కుర్రాళ్ళు కళ్ళలో వెలుగు పెట్టుకుని ఇంటికి వెళ్తారు. నేను ఆపను. ఎందుకంటే ఆస్‌బర్న్ కూడా డెవానీ చేసినట్టే చేశాడు, ఫలితం వేరుగా వచ్చింది.

తన తర్వాత ఫ్రాంక్ సోలిచ్‌ని పెట్టాడు. సోలిచ్ 1960లలో డెవానీ జట్టులో ఆడినవాడు, ఆస్‌బర్న్ దగ్గర 1979నుంచి అసిస్టెంటు. ఇంటి మనిషి. ఆరేళ్ళలో 58 గెలుపులు, 19 ఓటములు. 2001 సీజనులో జట్టుని టైటిల్ మ్యాచ్‌దాకా తీసుకెళ్ళాడు. 2002లో ఏడు గెలిచి ఏడు ఓడాడు. 2003లో కోలుకుని తొమ్మిది గెలిచి మూడు ఓడిన తర్వాత, బౌల్ మ్యాచ్ ఇంకా ఉండగానే తీసేశారు. అప్పుడు అథ్లెటిక్ డైరెక్టరు కుర్చీలో ఉన్నది వేరే మనిషి. ఆస్‌బర్న్ 2001నుంచి అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడు. మనసులో ఏమున్నా ఆ కుర్చీలో అతను లేడు.

కారణం ఇదొక్కటేనని నేను అనను. కాలం మారింది, డబ్బు పెరిగింది, గెలుపు ఆకలి పెరిగింది. కాని తొమ్మిది గెలిచిన ఏడాదికి సోలిచ్ ఉద్యోగం పోయింది, 1973లో అవే తొమ్మిది గెలుపులకు ఆస్‌బర్న్‌కి ఏమీ కాలేదు. ఒకరికి వెనక నిలబడే చెయ్యి ఉంది, ఇంకొకరికి లేదు. ఏ కోచ్ అయినా ఈ రెండు ఏళ్ళనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలని నా కోరిక. 2007లో ఆస్‌బర్న్‌ని పిలిచి అథ్లెటిక్ డైరెక్టరుని చేశారు. డెవానీ కూర్చున్న పదవిలో అతను కూర్చునేటప్పటికి సోలిచ్ ఒహాయోలో వేరే యూనివర్సిటీ జట్టుకి హెడ్ కోచ్‌గా ఉన్నాడు.

మా గ్రౌండులో

మొన్నటి సీజనులో అదే అసిస్టెంటుకి మళ్ళీ జట్టు ఇచ్చాను. ఈసారి నేను బెంచి మీద కూర్చోలేదు. స్కోరరు బల్లకి అవతల, పిల్లల కంటికి కనపడని వైపు కుర్చీ వేసుకుని, రొటేషన్లు నోట్‌బుక్కులో రాసుకుంటూ కూర్చున్నాను. మూడో సెట్టులో 19-17 మీద ఉండగా అతను సెట్టర్‌ని మార్చాడు. నాకది తప్పనిపించింది. పెన్ను పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాను. ఓడిపోయాం. సెమీఫైనల్ అది.

బస్సు ఎక్కేముందు నా దగ్గరికొచ్చాడు.

"సార్, సెట్టర్ని మార్చకుండా ఉండాల్సింది."

"రేపు ప్రాక్టీసు ఎన్నింటికి పెట్టావ్?"

"ఇంకా చెప్పలేదు సార్. మీరు చెప్తారేమోనని."

"నువ్వే చెప్పాలి."

కాసేపు నిలబడి, బస్సు మెట్ల దగ్గరికి వెళ్ళి, పిల్లలందరికీ వినపడేలా "రేపు అయిదున్నరకి గ్రౌండులో ఉండాలి, ఎవరూ లేటు కావద్దు" అన్నాడు. ఏ ఒక్కరూ నా వైపు చూడలేదు.